ఎండిన ఏటి మీద రాతి వంతెన: పురానాపూల్

కర్నూలు పేరు పుట్టిన కథ మన హాస్టల్ పిల్లలందరికీ తెలిసిందే. అలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లవాళ్లు తుంగభద్ర దాటేముందు ఈ ఒడ్డున ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవాళ్లట. అందుకే ఈ ఊరు కందెనవోలు అయిందని పెద్దలు చెబుతారు. ఆ కథలో బండ్లున్నాయి, రాళ్లున్నాయి, ఏరుంది. వంతెన మాత్రం లేదు. ఎండాకాలం ఇసుకలో నడిచి, నీళ్లున్నప్పుడు పుట్టి ఎక్కి దాటడమే మన వైపు రివాజు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపించే ఏటికి అంత ఖర్చు పెట్టి వంతెన ఎందుకు అనుకుని ఉంటారు. 1369లో పోరుమామిళ్ల చెరువు కట్టించినవాళ్లకు రాతిపని తెలియక కాదు కదా!

ఆ కాలపు పెద్ద రాతి వంతెన చూడాలంటే మనం హైదరాబాదు దాకా పోవాలి. అక్కడ మూసీ మీద ఉన్న పురానాపూల్‌ను 1578లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు. అప్పటికి హైదరాబాదు నగరమే లేదు. నగరం, చార్మినారు 1591 నాటివి. అంటే వంతెన ఊరికంటే 13 ఏళ్లు పెద్దది. గోల్కొండ కోట జనంతో కిక్కిరిసిపోవడంతో ఏటికి దక్షిణాన ఉన్న ఖాళీ నేలకు దారి కావలసి వచ్చింది. ఈ ఇబ్రహీం రాజు కాకముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. తెలుగు నేర్చాడు. మన కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. 1565లో అదే రామరాయల మీద యుద్ధానికి వెళ్లినవాళ్లలో ఆయన కూడా ఉండడం వేరే సంగతి.

భాగమతి కోసం యువరాజు మహమ్మద్ కులీ వరదలో గుర్రాన్ని దూకించాడని, కొడుకు ప్రాణం కోసం తండ్రి వంతెన కట్టించాడని అందరూ చెప్పుకుంటారు. కథ బాగుంది. అయితే లెక్క కుదరదు. వంతెన పూర్తయ్యేనాటికి ఆ యువరాజు వయసు 13 ఏళ్ల దరిదాపు. మన ఎనిమిదో తరగతి పిల్లవాడంత!

ఇక కట్టడం సంగతి. పొడవు సుమారు 600 అడుగులు, వెడల్పు 35 అడుగులు, ఏటి అడుగు నుంచి ఎత్తు 54 అడుగులు. మొత్తం 22 కమానులు. 600ను 22తో భాగించి చూడండి. స్తంభం మందంతో కలిపి ఒక్కో కమానుకు 27 అడుగులు వస్తుంది. అంత దూరానికి రాయి ఎలా నిలుస్తుంది? కడప బండ పరిచిన ఇళ్లలో పెరిగినవాళ్లం కనుక మనకిది సులువుగా అర్థమవుతుంది. బండను నేల మీద పరిస్తే ఎంత బరువైనా మోస్తుంది. రెండు గోడల మీద అడ్డంగా వేసి నడుమ బరువు పెడితే విరుగుతుంది. రాయి నలుగుడును ఓర్చుకుంటుంది, వంగడాన్ని ఓర్చుకోదు. గుడి మండపాల్లో స్తంభాలు దగ్గర దగ్గరగా ఉండడానికి కారణం ఇదే. కమానులో ఏ రాయీ వంగదు. ముందు చెక్కతో అచ్చు నిలబెట్టి, దాని మీద రెండు వైపుల నుంచి రాళ్లు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన చివరి రాయి బిగిస్తారు. అచ్చు తీసేశాక రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ నిలుస్తాయి. పైనుంచి బరువు పడేకొద్దీ ఇంకా బిగుస్తాయి. బరువు కిందికే కాక పక్కకు కూడా తోస్తుంది. ఆ తోపును పక్క కమాను ఎదురు తోసి ఆపుతుంది. చివరి రెంటినీ ఒడ్లు ఆపుతాయి. పురానాపూల్ కమానుల నెత్తి మొనదేలి ఉంటుంది. గుండ్రటి కమాను కంటే దీనికి పక్క తోపు తక్కువ. మనలో తండ్రులు బేల్దారి పనికి పోయే పిల్లలు చాలామంది ఉన్నారు. ఇది మాకంటే వాళ్లే బాగా చెప్పగలరు.

ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ వంతెనను చూసి, అందంలో పారిస్‌లోని పాంట్ నెఫ్ వంతెనకు తీసిపోదని రాశాడు. ఆ పారిస్ వంతెనకు పునాది వేసింది కూడా 1578లోనే! ఈ టావెర్నియే మనకు కొత్తవాడు కాడు. 1652లో ఒంటిమిట్ట గుడిని చూసి మెచ్చుకుని, గండికోటలో మీర్ జుమ్లాను కలిసినవాడు ఇతడే.

మూసీ కూడా మన హంద్రీ లాంటిదే. మామూలు రోజుల్లో సన్నటి పాయ. కానీ వంతెన కొలతలు ఆ పాయను చూసి వేసినవి కావు. 1820 వరదలో వంతెన దెబ్బతింటే సికందర్ జా బాగుచేయించాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. తరువాతి కాలంలో కట్టిన మిగతా వంతెనలు కొట్టుకుపోయాయి. 330 ఏళ్ల పాతది మాత్రం గాయపడినా నిలిచింది.

ఇది మాకు ఊరికే చరిత్ర కాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలులోకి వచ్చిన సంగతి అందరికీ గుర్తే. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ వానల్లోనే కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెన కూలింది. మనలో ఎందరికో ఊరికీ బడికీ మధ్య ఒక వంక ఉంది. వాన పడిన రోజు ఆ వంక దాటలేక సెలవుల తర్వాత హాస్టల్‌కు ఆలస్యంగా వచ్చినవాళ్లున్నారు. వంతెన అడిగితే, ఏడాదిలో నాలుగు రోజులే కదా నీళ్లు అంటారు. పురానాపూల్ కట్టింది ఆ నాలుగు రోజుల కోసమే.

ఇప్పుడు బండ్లన్నీ పక్కనున్న కొత్త వంతెన మీదుగా పోతాయి. పాతదాని మీద కూరగాయలు అమ్ముతారు. ఉద్యోగాలకు, చదువులకు హైదరాబాదు చేరిన మన పూర్వ విద్యార్థులు అటు వెళ్లినప్పుడు పైనుంచి చూసి వచ్చేయకండి. ఒడ్డు మీద నిలబడి కమానులు లెక్కపెట్టండి, 22 రావాలి.