లక్షణ దోషాలు – కృత్రిమ మేధ సాధనాల వివరణ రచన: వరి తెగుళ్ల నిర్ధారణ ఉదాహరణగా

వ్యాససంగ్రహం:

కృత్రిమ మేధ ఏజెంట్ ఒక సాధనాన్ని ఎప్పుడు వాడాలో దాని వివరణను చదివి నిర్ణయించుకుంటుంది. వివరణలో దోషముంటే నిర్ధారణ తప్పుతుంది. భారతీయ తర్కశాస్త్రం చెప్పిన మూడు లక్షణ దోషాల ఆధారంగా ఇటువంటి వివరణలను పరీక్షించవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కృత్రిమ మేధ, సాధన వివరణ, అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం, వృత్తిపదాలు.

1. ప్రవేశిక:

ఏజెంట్ అంటే అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడంతో ఆగక, అవసరమైన సాధనాలను తానే ఎంచుకొని పని జరిపించే కృత్రిమ మేధ వ్యవస్థ. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ వంటి పద్ధతుల్లో సాధనం పేరు, వివరణ, అది స్వీకరించే సమాచార రూపం ఏజెంట్‌కు అందుతాయి. సాధనం లోపలి ప్రోగ్రాం సాధారణంగా దానికి కనిపించదు. అందువల్ల ఏజెంట్ దృష్టిలో వివరణే సాధనం.

మాడుగులపల్లి, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లో వరి ప్రధాన పంట. ఇక్కడి రైతు పంపిన ఫొటోను చూసి తెగులు పేరు చెప్పే ఒక సాధనాన్ని ఉదాహరణగా ఊహించవచ్చు. దాని వివరణ "వరి సమస్యలను గుర్తిస్తుంది" అన్న ఒక్క వాక్యమే అనుకుంటే, ఎదురయ్యే చిక్కులు ఏమిటో పరిశీలించాలి.

2. మూడు దోషాలు:

17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసిన దీపికలో లక్షణ దోషాలను ఆవు ఉదాహరణతో వివరించాడు. కపిలవర్ణం కలది ఆవు అంటే ఇతర వర్ణాల ఆవులు మిగిలిపోతాయి, ఇది అవ్యాప్తి. కొమ్ములున్నది ఆవు అంటే గేదె కూడా చేరుతుంది, ఇది అతివ్యాప్తి. ఒంటిగిట్ట కలది ఆవు అంటే ఏ ఆవుకూ వర్తించదు, ఇది అసంభవం.

"వరి సమస్యలను గుర్తిస్తుంది" అనడంలో ఉన్నది అతివ్యాప్తి. సుడిదోమ దుబ్బు మొదట్లో ఉంటుంది. ఆకు ఫొటోలో కనిపించదు. అయినా వివరణను నమ్మిన ఏజెంట్ ఆ ఫొటోనే పంపి, వచ్చిన తప్పు ఫలితాన్ని రైతుకు చెబుతుంది.

"ఆకుమచ్చలను గుర్తిస్తుంది" అని సంకోచించి రాస్తే అవ్యాప్తి కలుగుతుంది. అగ్గితెగులు కంకి మెడకు సోకినప్పుడు రైతు దానిని మెడవిరుపు అంటాడు. ఆ మాట వివరణలో లేకపోతే, సాధనానికి శక్తి ఉన్నా ఏజెంట్ దానిని పిలవకపోవచ్చు.

తెగులు పేరు మాత్రమే ఇచ్చే సాధనం మందు మోతాదు కూడా చెబుతుందని రాస్తే అది అసంభవం. రాని మోతాదును ఏజెంట్ ఊహించి చెప్పే ప్రమాదం ఉంది. అగ్గితెగులు శిలీంధ్రం వల్ల, ఎండాకు తెగులు బాక్టీరియా వల్ల వస్తాయి. మొదటిదానికి వాడే ట్రైసైక్లజోల్ రెండవదానిపై పనిచేయదు. వివరణలోని తప్పుకు మూల్యం చెల్లించేది రైతే.

3. సవరించిన వివరణ:

"వరి ఆకు లేదా కంకి మెడ ఫొటోలో అగ్గితెగులు (మెడవిరుపుతో సహా), బాక్టీరియా ఎండాకు తెగులు లక్షణాలను గుర్తిస్తుంది. సుడిదోమకు, పోషక లోపాలకు వాడకూడదు. పగటి వెలుగులో దగ్గరగా తీసిన ఒక ఫొటో కావాలి. తెగులు పేరు, 0 నుంచి 1 వరకు నమ్మక స్థాయి ఇస్తుంది. ఆధారం చాలకపోతే 'నిర్ధారణ కాలేదు' అని తెలుపుతుంది. మందు, మోతాదు చెప్పదు."

సాధనం చేసే పనితో పాటు చేయని పనిని, కావలసిన సమాచారాన్ని, ఫలితం స్వరూపాన్ని ఈ వివరణ తెలుపుతుంది. "నిర్ధారణ కాలేదు" అనేది కూడా ఒక ఫలితమేనని ముందే చెప్పడం వల్ల ఏజెంట్ ఆ ఖాళీని ఊహతో పూరించే అవకాశం తగ్గుతుంది.

4. వృత్తిపదాల ఆవశ్యకత:

వ్యవసాయ పదాలు ప్రాంతాన్ని బట్టి మారుతాయి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం ఈ వైవిధ్యాన్ని నమోదు చేసింది. వివరణ రాసేవారు శాస్త్రీయ నామంతో పాటు రైతు వాడే పేరును కూడా చేర్చాలి. ఇది భాషాశాస్త్ర క్షేత్రపరిశోధనతో ముడిపడిన పని.

5. ముగింపు:

సాధన వివరణ ప్రకటన కాదు, లక్షణ వాక్యం. దాని విలువ సాధనాన్ని పొగడటంలో కాక, హద్దును కచ్చితంగా గీయడంలో ఉంటుంది. ప్రోగ్రాం మారిన ప్రతిసారీ వివరణను ఈ మూడు దోషాలకు ఎదురుగా నిలిపి పరీక్షించాలి. నిర్వచనాన్ని, మాండలికాన్ని అధ్యయనం చేసిన తెలుగు పరిశోధకులకు ఇందులో నిర్వహించవలసిన పాత్ర ఉంది.