స్పెక్స్ లేని ఫోన్‌లో బిగ్ డేటా: దేవనకొండ రైతులకు వచ్చిన ఆ మెసేజ్ కథ

మన దగ్గర ఏ ఫోన్ రివ్యూ అయినా చిప్‌సెట్‌తోనే మొదలవుతుంది. తర్వాత ర్యామ్, డిస్‌ప్లే, కెమెరా. ఈసారి చెప్పబోయేదానికి ఇవేవీ అక్కర్లేదు. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఎస్సెమ్మెస్ వస్తే చాలు, కీప్యాడ్ ఫోనైనా సరే. అయినా బిగ్ డేటా అంటే ఏంటని ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పే ఉదాహరణ ఇదే. ఇది జరిగింది బెంగళూరులోనో హైటెక్ సిటీలోనో కాదు, కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో.

2016 జూన్. ఆ మండలంలో 175 మంది వేరుశనగ రైతుల ఫోన్లకు తెలుగులో మెసేజ్‌లు రావడం మొదలైంది. పంపింది మైక్రోసాఫ్ట్, పటాన్‌చెరులోని ఇక్రిశాట్. రాష్ట్ర ప్రభుత్వం కూడా ఇందులో భాగస్వామే. మెసేజ్‌ల సారాంశం ఒక్క ముక్కలో చెప్పాలంటే: ఆగండి, ఇప్పుడే విత్తనం వేయొద్దు. అక్కడ మామూలుగా జూన్ మొదటి వారం నుంచే విత్తనం పడుతుంది. భైరవానికుంటలో ఒక రైతు ఈ మెసేజ్ నమ్మి జూన్ 25 దాకా, అంటే దాదాపు మూడు వారాలు ఆగాడు. కార్తెల లెక్కలో చెప్పాలంటే మృగశిర మొత్తం వదిలేసి ఆరుద్రలో విత్తాడు.

దీంట్లో ఏముంది, మూడు వారాలేగా అనుకోకండి. అక్కడే అసలు విషయం ఉంది.

పత్తికైతే ఎకరాకు ఒకటి రెండు ప్యాకెట్ల విత్తనాలు చాలు. వేరుశనగకు అలా కుదరదు. ఎకరాకు 60 కిలోలకు పైగా గింజలు కావాలి. మొత్తం సాగు ఖర్చులో విత్తనాలదే పెద్ద వాటా. ఎర్ర నేలలు నీళ్లను ఎక్కువ రోజులు పట్టి ఉంచవు. తొలకరికి ఒక వాన పడింది, పదును వచ్చిందని గొర్రు కట్టేశాం అనుకోండి. ఆ తర్వాత రెండు మూడు వారాలు చినుకు లేకపోతే మొలిచిన మొలక మొలిచినట్టే ఎండిపోతుంది. మళ్లీ విత్తనాలు కొనాలి, మళ్లీ అప్పు చేయాలి. అలాగని మరీ ఆలస్యం చేస్తే ఊడలు దిగి కాయ ఊరే టైమ్‌కి వానలు ముఖం చాటేస్తాయి. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున పడేదే 670 మిల్లీమీటర్ల చిల్లర. ఇదే జిల్లాలో తుగ్గలి మండలం జొన్నగిరి వైపు తొలకరి పడగానే జనం వజ్రాల కోసం చేలల్లో వెతుకుతారు కదా. నిజం చెప్పాలంటే అదే వానకు విత్తనం వేసేవాడిది కూడా అంతకంటే చిన్న జూదమేం కాదు.

ఇంతకీ సిస్టమ్‌కి ఏం తెలుసు?

ముందుగా పాత లెక్కలు తీశారు. దేవనకొండ ప్రాంతంలో 1986 నుంచి 2015 వరకు, ముప్పై ఏళ్ల వర్షపాతం. దాన్నుంచి మాయిశ్చర్ అడెక్వసీ ఇండెక్స్ అనే ఒక అంకె లెక్కగట్టారు. పేరు చూసి భయపడొద్దు. నేల నుంచి, మొక్క నుంచి నిజంగా ఆవిరయ్యే నీరు ఎంత, తేమకు కొదవే లేకపోతే ఎంత ఆవిరయ్యేది, ఈ రెండింటి నిష్పత్తి అది. సున్నాకి దగ్గరైతే నేల ఎండిపోయినట్టు, ఒకటికి దగ్గరైతే తేమ సరిపడా ఉన్నట్టు. సీమ రైతు గుప్పెడు మట్టి పిసికి చూసి "పదునుంది" అంటాడే, దాదాపుగా ఆ మాటకే అంకె వేశారన్నమాట.

మరి పదును చూడటం రైతుకే వచ్చు కదా, సర్వర్ ఎందుకు? ఇవాళ పదునుందో లేదో రైతు చెప్పగలడు. రాబోయే వారాల్లో అది నిలుస్తుందా లేదా అన్నదే చిక్కు. కార్తెలు కూడా ఒకరకంగా తరతరాల డేటాసెట్టే, కానీ ఈ ఏడాది మృగశిర ఎలా ఉంటుందో అవి చెప్పలేవు. అందుకే ముప్పై ఏళ్ల లెక్కకు ఇంకో రెండు జత చేశారు. ఒకటి, రాష్ట్ర ప్రణాళికా సంస్థ ఏపీఎస్‌డీపీఎస్ నమోదు చేసే రోజువారీ వర్షపాతం. రెండు, అమెరికాకు చెందిన ఏవేర్ కంపెనీ ఇచ్చే వాతావరణ అంచనాలు. ఈ మూడింటినీ మైక్రోసాఫ్ట్ కోర్టానా ఇంటెలిజెన్స్ సూట్‌లో కలిపితే విత్తనం వేసే వారం తేలింది. (అవును, ఆ కోర్టానా పేరే. విండోస్‌లో మనం ఎవరం సరిగ్గా వాడని ఆ అసిస్టెంట్‌ని 2023లో ఆపేశారు. ఆ పేరుతో జరిగిన మంచి పని ఇదేనేమో.)

రైతు పొలంలో సెన్సర్ పెట్టలేదు, రూపాయి ఖర్చు పెట్టించలేదు. విత్తే తేదీ ఒక్కటే కాదు, భూసార పరీక్షను బట్టి ఎరువులు, విత్తనశుద్ధి, ఎంత లోతులో వేయాలి, కలుపు, కోసిన కాయను నీడలో ఆరబెట్టడం వరకు మెసేజ్‌లు వచ్చాయి. సీజన్ అయ్యాక లెక్క చూస్తే హెక్టారుకు సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి అని ప్రకటించారు. 2017లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో 3,000 మందికి పైగా రైతులకు విస్తరించారు. వేరుశనగతో పాటు రాగి, మొక్కజొన్న, వరి, పత్తి కూడా చేర్చారు. ఈసారి చెప్పిన పెరుగుదల 10 నుంచి 30 శాతం.

ఇప్పుడు రివ్యూయర్‌గా నా అనుమానాలు. కంపెనీ ఇచ్చిన బెంచ్‌మార్క్ స్కోర్‌ని మనం ఎప్పుడూ అలాగే నమ్మం కదా, ఇక్కడెందుకు నమ్మాలి? 175 మంది, ఒక్క సీజన్. మెసేజ్‌లలో తేదీతో పాటు ఎరువులు, విత్తనశుద్ధి సలహాలూ ఉన్నాయి కాబట్టి ఆ 30 శాతంలో తేదీ వాటా ఎంతో విడదీయడం కష్టం. రెండో ఏడాదికే అంకె 10 దాకా దిగిందంటే అది వైఫల్యం కాదు, నాకైతే అదే ఎక్కువ నమ్మబుద్ధేస్తోంది. ఇంకోటి, విత్తే తేదీ సరిగ్గా పడినా ఆగస్టు చేతిలో లేదు. అదే 2016 ఆగస్టులో రాయలసీమలో వానలు ఆగిపోతే, వేరుశనగను కాపాడుకోవడానికి ప్రభుత్వం రెయిన్ గన్‌లు దించాల్సి వచ్చింది.

పైగా పక్క చేలో గొర్రు తిరుగుతుంటే మన చేను ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం చిన్న విషయం కాదు. సర్వర్ తప్పు చెబితే సర్వర్‌కి పోయేదేం లేదు, అప్పు రైతు పేరు మీదే ఉంటుంది. ఈ తేడాకు ఎవరు పూచీ అన్నది ఏ యాప్ టర్మ్స్ అండ్ కండిషన్స్‌లోనూ నాకు కనబడలేదు.

ఇక మన ఫోన్లలోకి వద్దాం. 2019లో వాతావరణ శాఖ మేఘదూత్ యాప్ తెచ్చింది. ఫ్రీ, తెలుగులోనూ ఉంది, ప్రతి మంగళ, శుక్రవారాల్లో సలహాలు వస్తాయి. చిక్కల్లా స్కేల్‌తోనే. మొదట్లో ఇవి జిల్లా మొత్తానికి ఒకటే. కడప జిల్లానే తీసుకోండి. ప్రొద్దుటూరు వైపు కేసీ కాలువ కింద వరి, పులివెందుల వైపు బోర్ల మీద చీనీ తోటలు. రెంటికీ ఒకే సలహా అంటే చార్జర్ ఏదైనా అన్ని ఫోన్లకూ పెట్టమన్నట్టే. 2024 అక్టోబర్‌లో కేంద్రం గ్రామ పంచాయతీ స్థాయి అంచనాలు మొదలుపెట్టింది. మేరీ పంచాయత్ యాప్‌లో చూసుకోవచ్చు. ఊరికి ఈ చివర వాన పడి ఆ చివర దుమ్ము లేచే సీమలో ఇది ఎంతవరకు నిలబడుతుందో మీరే టెస్ట్ చేయొచ్చు. వచ్చే జూన్‌లో మీ ఊరి అంచనాకు రోజూ ఒక స్క్రీన్‌షాట్ తీయండి. పక్కనే మీ చేలో నిజంగా పడిన వాన రాసుకోండి. రెండు నెలల తర్వాత ఆ రెండు కాలమ్‌లు మాకు పంపండి, పోల్చి ఇక్కడే వేస్తాం. ఇంట్లో పెద్దవాళ్లు ఏ రోజు పదునుందన్నారో కూడా మూడో కాలమ్‌లో రాయడం మర్చిపోవద్దు.