మీకు తెలుసా? మెదడులో గడ్డ, దారి గజ్జల నుంచి
పక్షవాతం వచ్చిన కొందరికి వైద్యులు తలను తాకకుండానే, గజ్జల్లోని ధమని గుండా సన్నని గొట్టం పంపి, దారిలో మూసుకుపోయిన మెడ ధమనిలో స్టెంట్ వేసి, అదే విడతలో మెదడులోని రక్తపు గడ్డనూ బయటికి లాగేస్తారు.

నికెల్, టైటానియం మిశ్రమంతో చేసిన ఆ స్టెంట్ తొడుగులోంచి బయటపడగానే దానంతటదే విచ్చుకుంటుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. అది మూసుకుపోకుండా రక్తం గడ్డకట్టనివ్వని మందులు ఇవ్వాలి. అప్పటికే దెబ్బతిన్న మెదడులో అవే రక్తస్రావం తెచ్చిపెట్టవచ్చు. స్టెంట్ వెంటనే వేయాలా, అప్పటికి బెలూన్‌తో ధమనిని వెడల్పు చేసి సరిపెట్టాలా? వైద్యులకు ఇది కఠినమైన నిర్ణయమే. పైగా వ్యవధి ఉండదు: మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళం మూసుకుపోతే, చికిత్స అందని ప్రతి నిమిషానికీ సగటున 19 లక్షల న్యూరాన్లు చనిపోతాయని 2006లో లెక్కగట్టారు.