తలుపు తట్టిన పొరపాటు

చుట్టాలు వచ్చేముందు కాకి అరుస్తుందని మనవాళ్ళు చెబుతారు. పోలీసులు వచ్చేముందు ఏది అరుస్తుందో ఎవరూ చెప్పలేదు. మా ఇంటికి వచ్చిన రాత్రి మాత్రం వీధిలో కుక్కలు అరిచాయి.

కిందటి ఏడు కార్తీకమాసం. చల్లపల్లిలో రాత్రి తొమ్మిది దాటితే అవనిగడ్డ వైపు వెళ్ళే లారీల చప్పుడు తప్ప వేరే అలికిడి ఉండదు. నేను ముందు గదిలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. మా ఆవిడ పాలు తోడుపెట్టి దీపాలు ఆర్పుతోంది. అమ్మ అప్పటికే పడుకుంది. పదీ నలభైకి వీధి తలుపు దబదబా మోగింది.

తీసి చూస్తే ముగ్గురు మనుషులు. ఇద్దరు ఖాకీ బట్టల్లో, ఒకరు మామూలు బట్టల్లో. ముందున్నాయన ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పి, "నువ్వేనా?" అన్నాడు. నేనే అన్నాను. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి, కొత్తవాళ్ళ చేత "నువ్వు" అనిపించుకుని చాలాకాలమైంది.

"చెక్కు కేసులో వారంటు ఉంది. కోర్టుకి రాకుండా తప్పించుకు తిరుగుతున్నావుట. నడు!"

అమ్మాయి కాలేజీ ఫీజుకి తప్ప జన్మలో నేను చెక్కు రాసి ఎరగను. ఆ మాట చెప్పబోయేలోపల మిగతా ఇద్దరూ బూట్లతోనే లోపలికి వెళ్ళారు. పడకగది చూశారు, వంటిల్లు చూశారు, దేవుడి గది తలుపు తోసి చూశారు. నన్ను ఎదురుగా పెట్టుకుని ఇంకెవరిని వెతుకుతున్నారో నాకు అర్థం కాలేదు. డెబ్భై ఎనిమిదేళ్ళ మా అమ్మ మంచం మీద లేచి కూర్చుని, నా వైపు చూసి, "అబ్బాయ్, ఏం చేశావురా?" అంది.

బూట్ల సంగతి నేను మరిచిపోగలను. ఆ ప్రశ్న మరిచిపోలేను. నలభై ఏళ్ళు దాటిన కొడుకును, ఒక్క నిమిషం పాటు, కన్నతల్లి అనుమానించింది.

చివరికి మామూలు బట్టల్లో ఉన్నాయన దీపం కింద కాగితం విప్పి, "మీ నాన్నగారి పేరేమిటి?" అని అడిగాడు. చెప్పాను. కాగితం మీద వేరే పేరుంది. పేరు, ఇంటిపేరు, ఊరు కలిశాయి కాని తండ్రి పేరు కలవలేదు. "పొరపాటైంది మాస్టారూ, పడుకోండి," అని వెళ్ళిపోయారు. "నువ్వు" నుంచి "మాస్టారూ" దాకా రావడానికి పన్నెండు నిమిషాలు పట్టింది.

తెల్లవారేసరికి ఈ కథ మాకంటే ముందే లేచి ఊళ్ళో తిరుగుతోంది. చల్లపల్లిలో 2014 నుంచి వేకువజామునే లేచి వీధులు శుభ్రం చేసే కార్యకర్తలున్నారు. వాళ్ళు చెత్త ఎత్తగలరు కాని పుకారు ఎత్తలేరు గదా! కాలేజీలో అటెండరు దగ్గరికి వచ్చి, "బెయిలు దొరికిందాండీ?" అని ఎంతో సానుభూతితో అడిగాడు. అమ్మాయి సంబంధం విషయం మాట్లాడుతున్న బందరు వారు ఫోను చేసి, "ఏం లేదు, ఊరికే, కులాసాయేనా అని," అన్నారు.

పక్కింటి బాబాయిగారు సలహా చెప్పారు: "ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు. వాళ్ళు వచ్చారు, వెళ్ళారు. నువ్వు కాగితం పెడితే మళ్ళీ వస్తారు." మనలో నూటికి తొంభైమంది ఇదే చెబుతాం. నేనూ రెండు రోజులు ఊరుకున్నాను. మూడోనాడు మా ఆవిడ అంది: "మళ్ళీ రావడానికి మీ కాగితమే కావాలా ఏమిటి? ఆ వారంటు ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది. ఆ మనిషి ఇంకా దొరకలేదు. ఈసారి వేరే ఆయన వస్తే మళ్ళీ మన తలుపేగా తట్టేది?" ఈ న్యాయం నాకు తట్టనందుకు సిగ్గుపడి, ఒక వకీలు స్నేహితుడి దగ్గరికి వెళ్ళాను.

ఆయన చెప్పినదాంట్లో గృహస్థులందరికీ పనికివచ్చేది కొంత ఉంది. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడు పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. దాని ప్రకారం వారంటు అంటే నోటిమాట కాదు. రాతపూర్వకంగా ఉండాలి, న్యాయాధికారి సంతకం, కోర్టు ముద్ర ఉండాలి. వారంటు తెచ్చినవారు అందులోని సారాంశం చెప్పాలి, అడిగితే కాగితం చూపించాలి. ఇది 77వ సెక్షను. ఆ కోర్టు హద్దు దాటి వేరే ప్రాంతానికి వచ్చినప్పుడు, అక్కడి స్టేషను అధికారి చేతనో మేజిస్ట్రేటు చేతనో దానిమీద రాయించుకోవడం మామూలు పద్ధతి. ఇది 81వ సెక్షను. మా ఇంటికి వచ్చినవారు వేరే జిల్లావారు. మా ఊరి స్టేషనులో ఒక్క మాట అడిగి ఉంటే, తండ్రి పేరు తేడా అక్కడే తేలిపోయేది.

పట్టుకోవలసిన మనిషి లోపల ఉన్నాడని నమ్మకం కలిగితే వెతకడానికి వారికి అధికారం ఉంది; ఇంటివాడు దారి ఇవ్వాలి. అడ్డు పడకూడదు, తలుపు వేసుకోకూడదు. వస్తువుల కోసం సోదా చేస్తే మాత్రం ఆ ప్రాంతపు పెద్దమనుషులు ఇద్దరు సాక్షులుగా ఉండాలి, తీసుకున్నవాటి జాబితా నకలు ఇంటివాడికి ఇవ్వాలి, సోదానంతా వీడియో తీయాలి. సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్ళనీ, అరవై దాటినవాళ్ళనీ, పదిహేనేళ్ళలోపు మగపిల్లల్నీ స్టేషనుకి రమ్మనకూడదు. వాళ్ళున్న చోటికే వెళ్ళి అడగాలి. ఇది 179వ సెక్షను.

"ఇవన్నీ కాగితం మీద మాటలు," అంటారు బాబాయిగారు. కాని ఆ మాటలు కాగితం మీదికి ఎలా వచ్చాయో చూస్తే ధైర్యం కలుగుతుంది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయనను 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేరు మీద ఒక చిట్టా తెరిచి, రాత్రిళ్ళు వచ్చి తలుపు తట్టి, కేకలేసి, నిద్రలేపి చూసిపోతూ ఉండేవారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తులూ రాత్రివేళ ఇలా ఇళ్ళకు వెళ్ళడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. అయితే మిగతా నిఘా సంగతి వచ్చేసరికి నలుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు అయ్యారు. ఆ ఇద్దరిలో ఒకరు మన రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావుగారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలిసినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. మనిషికి తన ఇంట్లో తనకంటూ ఒక ఏకాంతం ఉంటుందనీ, అది అతని స్వేచ్ఛలో భాగమేననీ ఆయన వాదం. ఆనాడు అది ఓడిన పక్షం. యాభై అయిదేళ్ళ తరువాత, 2017 ఆగస్టు 24న, తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ పక్షానికే వచ్చారు. సుబ్బారావుగారు అప్పటికి లేరు. తలుపు తట్టించుకున్న ఒక మామూలు మనిషి ఊరుకుని ఉంటే ఆ తీర్పూ లేదు, ఈ తీర్పూ లేదు.

సరే, ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. తెలుగు ఎం.ఏ. చదివినవాడికి ఇదేం పని అనుకున్నాను. నాలుగు పేజీలు వచ్చింది. "దౌర్జన్యపూరితంగా," "అమానుషంగా," "నిర్దాక్షిణ్యంగా" అని పేజీకి నాలుగేసి విశేషణాలు పడ్డాయి. వకీలు స్నేహితుడు చదివి, "ఇది ఉపన్యాసం. ఎన్ని గంటలకి వచ్చారో ఎక్కడా లేదేం?" అన్నాడు. విశేషణాలన్నీ కొట్టేశాను. ఒక్క పేజీ మిగిలింది. తారీకు, వేళ, ఎంతమంది, ఎవరు ఏ గదిలోకి వెళ్ళారు, ఏ మాటలన్నారు, ఎదురింటి దుకాణం కెమెరాలో జీపు కనబడిన సమయం. "వారంటు చూపమని నేను అడగలేదు, వారు చూపలేదు," అని కూడా రాశాను. మన తప్పు మనం దాచుకుంటే ఎదుటివాడి తప్పు చెప్పే నోరుండదు. చివర మూడు కోరికలు: వచ్చినవారు ఎవరో తెలపాలి, పొరపాటని రాతపూర్వకంగా ఇవ్వాలి, ఈ ఇల్లు ముద్దాయిది కాదని వారంటు కాగితాల్లో రాసుకోవాలి. ఎవరినీ శిక్షించమని అడగలేదు.

ఆ స్టేషను పైఅధికారికి రిజిస్టరు పోస్టులో ఒకటి పంపి, సోమవారం అర్జీలు తీసుకునే రోజున ఆ జిల్లా ఎస్పీ కార్యాలయానికి స్వయంగా వెళ్ళి ఒకటి ఇచ్చి రసీదు పుచ్చుకున్నాను. అయిదు వారాలకు జవాబు వచ్చింది: "పొరపాటున సందర్శించడం జరిగినది. పునరావృతం కాకుండా సూచనలు ఇవ్వడమైనది."

ఈ వాక్యాలు మా పిల్లలకి వ్యాకరణం క్లాసులో ఇస్తే, కర్త ఎక్కడ అని అడుగుతారు. సందర్శించినదెవరు? సూచించినదెవరు? మన సర్కారు తెలుగులో పనులన్నీ వాటంతట అవే "జరుగుతాయి," చేసేవాడు కనబడడు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి, ఆ రాత్రి స్టేషను డైరీలో ఏం రాశారో నకలు ఇమ్మన్నాను. ఈ చట్టం 2005లో వచ్చింది, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఒక్క వాక్యం వచ్చింది: ముద్దాయి ఆ చిరునామాలో లేడు. నిజమే, లేడు. మేమున్నామని మాత్రం అందులో లేదు.

నాకు విసుగెత్తింది. పైన ఇంకా మెట్లు లేకపోలేదు. మానవ హక్కుల కమిషనుకు తెలుగులోనే రాసుకోవచ్చు, రుసుము లేదు. కాని జరిగిన ఏడాదిలోపలే రాయాలి. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికే జిల్లాకీ రాష్ట్రానికీ వేరువేరు అథారిటీలు పెట్టమని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మేజిస్ట్రేటు ఉండనే ఉన్నాడు. ఏ మెట్టు ఎక్కుదామా అని ఆలోచిస్తుంటే అమ్మ అంది: "అదంతా నాకు తెలియదురా. రాత్రి వచ్చారు, వీధంతా చూసింది. ఒకసారి పగలు రమ్మను."

ఇంత చిన్న కోరిక మూడు కోరికల్లో నాకు తట్టలేదు. మరుసటి ఉత్తరంలో ఆ ఒక్క వాక్యమే రాశాను.

సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం, పొద్దున్న పదిగంటలకు, జీపు వచ్చి మా గేటు ముందు ఆగింది. ఆ రాత్రి ముందు నిలబడ్డాయనే. గడప దగ్గర బూట్లు విప్పి లోపలికి వచ్చారు. మనిషికి యాభై దాటి ఉంటాయి. ఆ రోజు తెల్లవారుజామునుంచీ డ్యూటీలో ఉన్నాననీ, చేతిలో ఏడు వారంట్లున్నాయనీ, మర్నాడే కోర్టు వాయిదా అనీ చెప్పారు. ముద్దాయి మా ఇల్లు కాదని కాగితాల్లో రాసిన నకలు, సంతకంతో, నా చేతికిచ్చారు. ఈసారి వాక్యానికి కర్త ఉన్నాడు.

అమ్మ మజ్జిగ ఇప్పించి, ఆయన తాగేదాకా ఆగి, "పేరు పదిమందికి ఉంటుంది నాయనా. తండ్రి పేరు కూడా చదువుకోవాలి," అంది. ఆయన తల వంచుకుని "తప్పేనమ్మా," అన్నారు.

బందరు వారు మళ్ళీ ఫోను చేయలేదు. ఆ నష్టం ఏ కార్యాలయమూ పూడ్చేది కాదు. కాని ఆయనను సాగనంపడానికి నేను గేటు దాకా వెళ్ళినప్పుడు, మా వీధిలో కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. బాబాయిగారు అరుగు మీద నిలబడి, జీపు మలుపు తిరిగేదాకా చూసి, మెల్లిగా నా దగ్గరకు వచ్చి, "ఆ ఫిర్యాదు నకలు ఒకటి ఇలా ఇస్తావూ? మా అల్లుడి పొలం గొడవకి మాదిరిగా పనికొస్తుంది," అన్నారు.