నగరసభ – పొరుగూళ్ల విలీనము

నేఁటి ప్రసంగమునకు విషయము నగరసభ. మా యూరికి సర్పంచు గలఁడు, పంచాయతి గలదు, గ్రామసభ గలదు. నగరసభతో మాకేమి పని యని మీలో కొందఱనుకొనవచ్చును. పది క్రోసుల దూరముననున్నవారికి ఆ మాట చెల్లును. నగరపు పొలిమేర నంటియున్న యూళ్లవారికి మాత్రము చెల్లదు. అట్టి యూళ్లలో నేఁడు రచ్చబండపై కూర్చున్నవారందఱును ఒక్క ప్రశ్ననే అడుగుచున్నారు: "మా యూరిని పట్టణములో కలిపెదరట, మంచిదా, చెడ్డదా?" ఈ ప్రశ్నకు ఒక్క మాటలో ఉత్తరము చెప్పువానిని నమ్మవలదు. కలుపుకొనునది ఎవరో, వారు నిత్యము చేయు పని యేమో ముందు తెలిసికొనవలెను. పిల్లనిచ్చువాఁడు వియ్యంకుని యిల్లు చూచిరాకుండ ముహూర్తము పెట్టుకొనునా?

నగరపాలనము మన దేశమునకు క్రొత్త కాదు. కౌటిల్యుఁడు తన అర్థశాస్త్రమున నాగరికుఁడను అధికారిని, ఆతని క్రింద స్థానికులను, గోపులను చెప్పియున్నాఁడు. పదియో, ఇరువదియో, నలువదియో కుటుంబముల లెక్క వ్రాసికొనుట గోపుని పని. కాని ఆ యధికారులు రాజు నియమించినవారు. పౌరు లెన్నుకొన్నవారు కారు. ఇప్పటి పద్ధతికి మూలము వేఱు. చెన్నపట్టణమున 1688 లో కార్పొరేషను వెలసినది. తరువాత చాల కాలమునకు, 1882 లో, రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గుఱించి చేసిన తీర్మానముతో పురపాలక సంఘములలో ఎన్నికలకు బలము వచ్చినది. స్వతంత్ర భారతమున 1992 లో ఆమోదింపఁబడి, 1993 జూను 1 వ తేదీ నుండి అమలునకు వచ్చిన రాజ్యాంగపు 74 వ సవరణము ఈ సంస్థలకు రాజ్యాంగమునందే స్థానము కల్పించినది. మీ పంచాయతులకు అట్టి స్థానమిచ్చినది దానికి తోఁబుట్టువైన 73 వ సవరణము. పల్లెతనము వదలి పట్టణతనమును పొందుచున్న చోటికి నగర పంచాయతి, అంతకంటె పెద్దదానికి పురపాలక సంఘము, మహానగరమునకు నగరపాలక సంస్థ అని మూఁడంతరువులు.

సభ జరుగు తీరును చూతము. నగరమును డివిజనులుగా విభజింతురు. ఒక్కొక్క డివిజనునకు ఒక కార్పొరేటరు ఎన్నికగును. మీ సర్పంచును మీరే నేరుగా ఎన్నుకొందురు గదా. ఆంధ్రప్రదేశమున మేయరును కార్పొరేటర్లు తమలోనుండి ఎన్నుకొందురు. మేయరు సభకు అధ్యక్షుఁడు. పనులు నడపువాఁడు కమిషనరు. ఈతఁడు ప్రభుత్వము నియమించు ఉద్యోగి. తీర్మానము సభది, అమలు కమిషనరుది. ఈ రెంటికిని పొత్తు కుదిరిననాఁడు పని సాగును. కుదరనినాఁడు కాగితములు ఈ గదినుండి ఆ గదికి తిరుగుచుండును. సభ నిత్యము కూడలేదు కనుక చిన్న మొత్తముల గుత్తలను, నడుమ వచ్చు వ్యవహారములను చూచుటకు స్థాయీ సంఘమని యొక చిన్న సంఘముండును.

సభకు ముందు అజెండా యను కార్యక్రమ పట్టికను సభ్యులకు పంపుదురు. అందులో నేమి యుండునని మీ యూహ? వీరరసముప్పొంగు విషయము లేమియు నుండవు. ఒక వీథిలో మురుగుకాలువకు గోడ కట్టుటకు అంచనా; వేఱొక వీథిలో కూలిన కల్వర్టు; దీపపు స్తంభములకు వలయు సామగ్రి; కూరగాయల బజారులో దుకాణముల అద్దె గడువు పొడిగింపు; చెత్త నెత్తు బండ్ల మరమ్మతు; పారిశుద్ధ్య కార్మికుల జీతములు; నీటి గొట్టము పగిలినపుడు కమిషనరు ముందుగా చేయించిన ఖర్చునకు తరువాత ఆమోదము; ఒక కూడలికి పేరు పెట్టుట. పేరు పెట్టు విషయమున గంటసేపు వాదించి, లక్షల వ్యయమగు గుత్తను రెప్పపాటులో దాటించుటయు సభలయం దరుదు కాదు. వినుటకు విసుగు. కాని, శ్రోతలారా, పాలనమనఁగా ఈ విసుగే. కాలువ గోడ అంచనా ఏ డివిజనున పడినది, ఎవరి డివిజనున పడలేదు అనుటలోనే ఎవరి మాట చెల్లుచున్నదో తెలియును. రేపు మీ యూరు కలిసినచో మీ వీథి కాలువయు ఆ పట్టికలో నొక వరుసగా చేరవలెను. దానిని చేర్పించువాఁ డొకఁడు ఆ సభలో నుండవలెను. ఈ మాట జ్ఞాపకముంచుకొనుఁడు. దీనితో మఱల పని యున్నది.

ఇఁక నగరము పొరుగూళ్లను ఏల కోరును? నగరపు ఎల్ల కాగితముమీఁది గీత. ఇండ్లు ఆ గీతను చూచి ఆఁగవు. గీత కావల భూమి చవుక గనుక అక్కడ ఇండ్ల స్థలములు వెలయును. అక్కడ కాపురముండువారు ప్రొద్దున నగరమునకు వచ్చి పని చేసికొని, నగరపు బాటలపై నడచి, నగరపు ఆసుపత్రిలో మందు పుచ్చుకొని, రాత్రికి పంచాయతి యెల్లలోనికి పోయి నిద్రింతురు. పన్ను పంచాయతికి కట్టుదురు. నగరము తన మురుగును పల్లపు టూళ్లమీఁదికి వదలును. ఊళ్లవారు తమ చెత్తను నగరపు బాట ప్రక్కన పోయుదురు. ఇట్లు ఒకరిపై నొకరు నేరము మోపుకొనుచుండఁగా, అంతయు ఒకే పాలనము క్రింద నున్న మేలుగదా యని తోఁచుట సహజము. ఇది ధర్మమైన కారణము. రెండవదియు నున్నది. జనసంఖ్య పెరిగినచో నగరము స్థాయి పెరుగును, నిధులు పెరుగును. క్రొత్త యిండ్ల పన్నును, భవనానుమతుల రుసుమును ఖజానాకు వచ్చును. ఈ రెండవ కారణమును సభలో గట్టిగా చెప్పరు.

విలీనమునకు కొంత తంతు కలదు. నగరసభ తన యభిప్రాయమును తీర్మానించును. పంచాయతుల యభిప్రాయమును అడుగుదురు. ప్రకటన వేసి ఆక్షేపణములకు గడువిత్తురు. తుదకు రాష్ట్ర ప్రభుత్వము ఉత్తరువు వెలువరించి గెజిటులో ప్రకటించును. ఊరు పంచాయతి పట్టికనుండి తొలఁగి నగరపు పట్టికలో చేరును. నిర్ణయము ప్రభుత్వమునదే గాని నగరసభది కాదు, మీది కాదు.

గుంటూరు సంగతి నుదాహరణముగా గైకొందము. అక్కడ పురపాలక సంఘము 1866 లో ఏర్పడినది. 1994 లో నగరపాలక సంస్థయైనది. 2012 లో నల్లపాడు, పెదపలకలూరు, అంకిరెడ్డిపాలెము, అడవితక్కెళ్లపాడు, గోరంట్ల, పొత్తూరు, చౌడవరము, ఏటుకూరు, బుడంపాడు, రెడ్డిపాలెము అను పది గ్రామములను నగరమున కలిపిరి. మిరపయు ప్రత్తియు పండు నేలలు, పెద్ద బాటల కిరుప్రక్కల నున్న యూళ్లు. అవి నగరముతో కలిసిపోవుచున్న మాట నిజమే. కలుపుటలో నాకు వింత తోఁపదు. వింత యంతయు తరువాతి కథలోనున్నది. నగరసభ పదవీకాలము 2010 లోనే ముగిసినది. క్రొత్త యెన్నికలు 2021 మార్చిలో గాని జరుగలేదు. నడుమ ప్రత్యేకాధికారుల పాలనము. అనఁగా ఆ పది గ్రామములవారికి సర్పంచు పోయెను, కార్పొరేటరు రాలేదు. సుమారు తొమ్మిదేండ్లు! పంచాయతిగా నున్న పొరుగూళ్లవారు 2013 లో తమ సర్పంచుల నెన్నుకొనిరి. వీరికి ఆ భాగ్యము లేకపోయెను. ఇందాక జ్ఞాపకముంచుకొమ్మన్నది దీనికొఱకే. అజెండాలో వరుస వ్రాయించువాఁడు లేనినాఁడు, వీథిలో నీరు నిలిచిన దని ఎవరితో చెప్పుకొనవలెను? అధికారి మంచివాఁడైనచో వినును, కాకున్న వినఁడు. ఆతఁడు మీ యోటుతో వచ్చినవాఁడు కాఁడు.

రాజ్యాంగము నగరసభకు అయిదేండ్ల గడువు పెట్టి, అది ముగియకముందే ఎన్నికలు జరుపవలెనని చెప్పుచున్నది. ఐనను జాగేల? ఊళ్లు కలిసినచో డివిజనులను మఱల విభజింపవలెను, ఓటర్ల పట్టికలను తిరుగవ్రాయవలెను, రిజర్వేషనులను నిర్ణయింపవలెను. వీనిలో నొక్కటి తగవై న్యాయస్థానమునకు పోయినను ఎన్నిక ఆఁగును. 2021 మార్చిలో ఆంధ్రప్రదేశపు నగరము లనేకములలో ఎన్నికలు జరుగఁగా రాజమహేంద్రవరమున జరుగలేదు. చుట్టుప్రక్కల గ్రామముల విలీనమును గుఱించిన వ్యాజ్యములు అందు కొక కారణము. నా యభిప్రాయము దాఁచుకొనను: విలీనపు టుత్తరువుతోపాటు ఎన్నికల తేదీయు చెప్పలేని ప్రభుత్వము ఆ యుత్తరువును వెలువరింపకుండుట మేలు.

ఇతర నగరముల మాట క్లుప్తముగా. విశాఖపట్టణమున 2005 లో గాజువాక పురపాలక సంఘమును, 32 గ్రామములను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను చేసిరి. 2013 లో అనకాపల్లి, భీమునిపట్టణములను గూడ చేర్చిరి. భీమునిపట్టణమన సామాన్యము కాదు; 1861 లోనే పురపాలక సంఘమైన ప్రాచీన పట్టణము. అట్టి దానికిని తన సభ లేకపోయెను. హైదరాబాదు 2007 లో చుట్టునున్న 12 పురపాలక సంఘములను కలుపుకొని మహా నగరమైనది. చెన్నపట్టణము 2011 లో 42 స్థానిక సంస్థలను కలుపుకొని 174 చదరపు కిలోమీటర్లనుండి 426 చదరపు కిలోమీటర్లకు పెరిగినది. కావున ఇది ఒక యూరి గాలివాటు కాదు.

పన్ను మాటకు వత్తము. మీకు దానిమీఁదనే చెవి యని నే నెఱుఁగుదును. ఆంధ్రప్రదేశమున 2020 లో చట్టమును సవరించి, 2021 ఏప్రిలునుండి పట్టణములలో ఇంటిపన్నును అద్దె లెక్కపై గాక స్థలముయొక్కయు కట్టడముయొక్కయు మూలధనపు విలువపై కట్టుచున్నారు. ఏఁటి కేఁటికి పెరుగుదల నూటికి 15 మించరాదని కట్టడి యొకటి పెట్టిరి. ఇందలి మర్మము గమనింపుఁడు. రిజిస్ట్రేషను కార్యాలయమున భూమి విలువ పెంచినపు డెల్ల మీ యింటిపన్నునకు పెరుగు దారి యేర్పడును. స్థలము నమ్ముకొనువానికి ధర పెరుగుట లాభము. తాతలనాఁటి పెంకుటింటిలోనే కన్నుమూయఁదలఁచిన వృద్ధునికి ఆ ధరవలన ఒక్క రూపాయి రాదు. పన్ను మాత్రము వచ్చును. ఖాళీ స్థలమునకును పన్ను గలదు. అయితే వ్యవసాయమునకే వినియోగపడు భూమిపై అది లేదు. కలిసిన మఱునాఁడే పొలములకు పన్ను వేయుదురని భయపెట్టువారి మాట నమ్మకుఁడు. పంట మాని బీడు పెట్టి, రాళ్లు పాఁతి, స్థలములుగా కోసిననాఁడు అది పొలము కాదు.

కూలి జనుల సంగతి వేఱు. గ్రామీణుల కొఱకైన ఉపాధి పనులు గ్రామపంచాయతి యెల్లలోనే గాని నగరమున లేవు. ఊరు నగరములో కలిసిననాఁడు ఆ పని పోవును. పెద్ద రైతునకు విలీనమువలన భూమి ధర పెరుగుచుండఁగా, అదే వీథి చివర నున్న కూలివానికి వేసవిలో పనిదినములు తగ్గును. ఊరంతయు ఒకే మాట మీఁద నున్నదని ఎవరైన చెప్పినచో ఆ వీథి చివరకు పోయి యడుగవలెను.

కొందఱు విలీనము కాకుండిన తమ యూరు తమ యిష్టము వచ్చినట్లు సాగునని తలఁతురు. అదియు సరికాదు. నగరము చుట్టునున్న యూళ్లు చాలభాగము పట్టణాభివృద్ధి సంస్థల యధికారములోనికి ముందే వచ్చియున్నవి. ఇండ్ల స్థలముల విభజనకు, బాటల వెడల్పునకు వారి యనుమతి ఇప్పుడును వలయును. నగరమున చేరినచో త్రాగునీటి గొట్టము, భూగర్భ మురుగుకాలువ, దీపము అను ఆశ యున్నది. ఆశ యనుచున్నాను, ఏలయన గొట్టము వేయుటకు ముందే పన్ను రావచ్చును.

గ్రామసభలో ఓటరైన ప్రతివాఁడును సభ్యుఁడే. లేచి నిలువఁబడి సర్పంచును లెక్క యడుగు హక్కు మీ యందఱికిని గలదు. ఆ హక్కును వాడుకొనువారు కొలఁదిమంది యైనను. నగరమున అట్టి సభ లేదు. 3 లక్షలు గాని అంతకు మించి గాని జనసంఖ్యగల చోట్ల వార్డు సంఘములు ఉండవలెనని రాజ్యాంగము చెప్పినది గాని, అందు కొలఁదిమంది సభ్యులే యుందురు, ఊరందఱును ఉండరు. ఈ నష్టమునకు వెల కట్టుట కష్టము గనుక లెక్కలలో దీనిని ఎవరును వ్రాయరు.

అందుచేత మీ యూరికి ప్రకటన వచ్చినపుడు ఊరక "వలదు" అనియో, "సరే" అనియో వ్రేలిముద్ర వేయకుఁడు. ఆక్షేపణముల గడువు లోపల లిఖితపూర్వకముగా నడుగుఁడు: మా యూరు ఏ డివిజనున చేరును, దానికి ఎన్నిక యెన్నఁడు? నీటి గొట్టమునకు అంచనా వేసిరా, ఏ సంవత్సరపు బడ్జెటులో నున్నది? పంచాయతి నిధిలో మిగిలిన సొమ్ము మా యూరికే ఖర్చు పెట్టుదురా? పంచాయతి పనివాండ్ర ఉద్యోగము లేమగును? ఊరి చెఱువు, శ్మశానము, పశువుల బీడు, చావడి స్థలము — వీని కొలఁతలును సర్వే సంఖ్యలును ఏ రిజిస్టరులోనికి ఎక్కుచున్నవి? తుది ప్రశ్న మఱింత ముఖ్యము. ఊరుమ్మడి ఆస్తులు పంచాయతినుండి నగరపు సంస్థకు చేరునపుడు, వ్రాఁతలో తప్పిపోయిన తుంట పదేండ్లకు ఎవరి ప్రహరీగోడ లోపలనో కనఁబడును. ఈ కొలఁతల నకలును మీ కరణీకపు లెక్క లెఱిఁగినవాఁ డొకనిచేత వ్రాయించి, మండల కార్యాలయపు ముద్ర వేయించి, ఒక ప్రతి గ్రంథాలయమునందును ఒక ప్రతి దేవాలయపు పెట్టెయందును ముందే యుంచుఁడు.