సీఎస్ఎస్ వర్ణప్రవణత

వర్ణప్రవణత లేదా గ్రేడియంట్ అనగా ఒక రంగు క్రమక్రమముగా మరొక రంగులోనికి మారుట. వెబ్ పేజీల రూపమును నిర్దేశించు సీఎస్ఎస్ భాషలో దీనిని ఒక్క పంక్తిలో వ్రాయవచ్చును. పూర్వము ఇందుకొరకు ఒక పిక్సెల్ వెడల్పు గల సన్నని బొమ్మను తయారుచేసి, పేజీ అంతటా వరుసగా పరచెడివారు.

బ్రౌజరులలో లభ్యత

సఫారీకి మూలమైన వెబ్‌కిట్ 2008లో దీనిని తొలిసారి ప్రవేశపెట్టినది. ఫైర్‌ఫాక్స్ 3.6 (2010) వేరొక వ్యాకరణముతో చేర్చినది. ఓపెరా 11.10 (2011) కూడ ఆ బాటనే నడచినది. ప్రమాణము ఖరారు కాకమునుపు ప్రతి బ్రౌజరుకును తనదైన ఉపసర్గ ఉండుటచే ఒకే ప్రవణతను పలుమార్లు వ్రాయవలసి వచ్చెడిది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10 (2012), ఫైర్‌ఫాక్స్ 16 (2012), క్రోమ్ 26 (2013) వెలువడిన పిదప వాటిలో ఉపసర్గల అవసరము తొలగినది.

దిక్కులో భేదము

ఉపసర్గల పద్ధతిలో 'టాప్' అనినచో రంగు పైనుండి మొదలగునని అర్థము. ప్రమాణములో అదే మార్పును 'టు బాటమ్' అని, చేరవలసిన దిక్కుతో చెప్పవలెను.

జాగ్రత్త

తనకు అర్థము కాని పంక్తిని బ్రౌజరు విడిచిపెట్టును. ముదురు ప్రవణతపై తెల్లని అక్షరములు ఉన్నపుడు, ప్రవణత రానిచో అవి తెల్లని పేజీలో కలిసిపోయి చదువుటకు వీలుపడదు. కావున ముందుగా ఒక ముదురు నేపథ్య వర్ణమును వ్రాసి, ఆ తరువాతనే ప్రవణతను వ్రాయవలెను.