మేడారం తొవ్వ ఎటు?

బస్సుకు బోర్డుంది. కారుకు బాణం గుర్తుంది. నెత్తిన బంగారం పెట్టుకుని నడిచిపోయే భక్తుడికి మాత్రం ప్రతి కూడలిలోనూ ఓ ప్రశ్నే!

హనుమకొండ నుంచి మేడారం వంద కిలోమీటర్ల పైమాటే. బస్సులో అయితే మూడు గంటల ప్రయాణం. నడిస్తే మూడు రోజులు... పిల్లలూ ముసలివాళ్లూ వెంట ఉంటే నాలుగు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి దగ్గరపడుతుంటే ములుగు రోడ్డు మీద ఇలా నడిచిపోయే గుంపులు కనిపిస్తాయి. బిడ్డ పుడితే నడిచి వస్తానని మొక్కుకున్నవాళ్లు కొందరు, ఇంట్లో జబ్బు నయమైతే వస్తామని మొక్కుకున్నవాళ్లు మరికొందరు. నెత్తిన మూట. అందులో సమ్మక్కకు ఇవ్వాల్సిన బంగారం, అంటే బెల్లం. చేతిలో నీళ్ల సీసా. కాళ్లకు చెప్పులు కొందరికి ఉంటాయి, కొందరికి ఉండవు.

వీళ్లలో చాలామందికి ఈ రోడ్డు కొత్తేమీ కాదు. బస్సులో ఎన్నోసార్లు పోయి వచ్చిందే. కానీ బస్సులో కూర్చున్నవాళ్లకు దారి తెలియాల్సిన పని లేదు, డ్రైవరుకు తెలిస్తే చాలు. కాలు కిందపెట్టాకే తెలిసివస్తుంది... దారి చూపాల్సిన గుర్తులే తికమక పెడతాయని!

వాహనం దారి తప్పితే పోయేది పావుగంట సమయం, కాస్త పెట్రోలు. నడిచేవాళ్లు ఐదు కిలోమీటర్లు తప్పుదారిలో పోతే వెనక్కి రావడానికి మరో ఐదు. అంటే ఒక పూట పోయినట్టే. ఆ పూట గడిచేసరికి చీకటి పడిందా... పస్రా దాటాక చుట్టూ ఉండేది అడవే.

ఒకే పేరు... రెండు జాతరలు

మొదటి చిక్కు గూడెప్పాడ్ కూడలిలోనే ఎదురవుతుంది. ఎడమకు తిరిగితే పరకాల, భూపాలపల్లి. నేరుగా పోతే ఆత్మకూరు, ములుగు. ఎటు పోయినా చివరికి మేడారం చేరొచ్చు. అసలు ఇబ్బంది అదే! అడిగినవాళ్లకు ఒకరు అటు చూపిస్తారు, ఇంకొకరు ఇటు. ఇద్దరిదీ అబద్ధం కాదు.

ఆ కూడలి దాటి ఊపిరి పీల్చుకునేలోపే మరో తిరకాసు. ఆత్మకూరు మండలంలోని అగ్రంపహాడ్‌లోనూ సమ్మక్క-సారలమ్మ గద్దెలున్నాయి. మేడారంలో జాతర జరిగే రోజుల్లోనే అక్కడా జాతర. చుట్టుపక్కల ఊళ్ల జనం మినీ మేడారం అని పిలుచుకుంటారు. మరి రోడ్డు పక్కన 'సమ్మక్క-సారలమ్మ జాతరకు దారి' అన్న బ్యానరు, దానికో పెద్ద బాణం కనిపిస్తే అది ఏ జాతరకు? ఈ ప్రాంతం వాళ్లయితే నవ్వి ముందుకు సాగిపోతారు. మహారాష్ట్ర నుంచో, సిరిసిల్ల నుంచో మొదటిసారి వచ్చినవాళ్లకు ఆ నవ్వెక్కడిది? పోనీ బ్యానరు మీద ఊరి పేరు చూద్దామంటే, నాయకుల ఫొటోలకు చోటిచ్చాక మిగిలిన జాగాలోనే ఆ పేరు ఇరుక్కోవాలి.

రాళ్ల రంగు చూసి...

నడిచేవాళ్లకు బ్యానర్ల కంటే నమ్మకమైన తోడు కిలోమీటరు రాయి. దాని తల రంగును బట్టి అది ఏ రోడ్డో చెప్పొచ్చు. పసుపు రంగు జాతీయ రహదారికి, ఆకుపచ్చ రాష్ట్ర రహదారికి. ములుగు రోడ్డు జాతీయ రహదారే. కాబట్టి పసుపు తల కనిపిస్తున్నంత వరకూ పెద్దరోడ్డు మీద ఉన్నట్టే లెక్క. పసుపు పోయి ఇంకో రంగు వచ్చిందంటే ఎక్కడో మలుపు తిరిగారన్నమాట!

అయితే ఈ రాళ్లతోనూ ఒక పేచీ ఉంది. రహదారి రాయి రహదారి పోయే ఊళ్ల గురించే చెబుతుంది. ఈ రోడ్డు ఏటూరునాగారం మీదుగా గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం పోతుంది. మేడారం దాని మీద లేదు, పక్కకు తిరగాలి. అందుకే మేడారం పేరు కోసం రాయి రాయినీ వెతుక్కుంటూ పోయేవాళ్లు కంగారు పడతారు. వెతకాల్సింది ములుగు, ఆ తర్వాత ఏటూరునాగారం. ఇంకోటి... పాతవాళ్లు ఇప్పటికీ దీన్ని 202 నంబరు రోడ్డు అంటారు. 2010లో దేశమంతా రహదారుల నంబర్లు మార్చినప్పుడు ఇది 163 అయింది. తాత చెప్పిన నంబరు, మనవడి ఫోన్‌లోని నంబరు కలవకపోతే తప్పు ఇద్దరిదీ కాదు.

నంబరే కాదు, జిల్లా కూడా మారింది. 2016 ఫిబ్రవరి జాతర నాటికి మేడారం వరంగల్ జిల్లాలో ఉంది. ఆ ఏడాది అక్టోబరులో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లింది. 2018 జాతర అక్కడే జరిగింది. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడింది. 2020 జాతరకు అడ్రసు మళ్లీ మారింది. మూడు వరస జాతరలు, మూడు జిల్లాలు! అమ్మవార్లు మాత్రం గద్దె కదల్లేదు.

గట్టమ్మ దగ్గర ధైర్యం

మరి బోర్డులు లేని రోజుల్లో జనం ఎలా పోయేవాళ్లు? ఎడ్లబండ్లు కట్టుకుని, వాటి వెనక నడుచుకుంటూ. వాళ్ల గుర్తులు వేరు. చెరువు, వాగు, గుట్ట, గుడి. కటాక్షపూర్ చెరువు కనిపిస్తే సగం దూరం దగ్గరపడుతున్నట్టు. ములుగుకు ముందు గుట్ట మీద గట్టమ్మ తల్లి కనిపిస్తే దారి సరైనదేనని రూఢి. మేడారం పోయేవాళ్లు ముందుగా గట్టమ్మకు మొక్కడం ఆనవాయితీ. కొబ్బరికాయ కొట్టి, ఎదురుకోళ్లు సమర్పించి కదులుతారు. కార్లు కూడా ఇక్కడ ఆగాల్సిందే. చూడబోతే ఈ దారి మొత్తానికీ గందరగోళం లేని గుర్తు ఇదొక్కటే. గట్టమ్మ ఏ బాణమూ చూపించదు, కానీ ఆమెను దాటి తప్పిపోయేవాళ్లు తక్కువ.

ఆ పైన బోర్డులకు కొదవలేదు. జంగాలపల్లి దగ్గర రామప్ప బోర్డు, చల్వాయి దగ్గర లక్నవరం బోర్డు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్పకు దేశవిదేశాల నుంచి వస్తున్నారు, బోర్డు ఉండాల్సిందే. అయితే పర్యాటకుల కోసం పెట్టిన బోర్డు అల్లంత దూరానికి కనబడి, లక్షలమంది నడకతో, బండ్లతో పోయే దారికి చిన్న బాణమైనా లేకపోవడం ఏం న్యాయం?

పస్రా... అక్కడే విడిపోతారు

అసలు పరీక్ష పస్రాలో. ఇక్కడ ఎడమకు తిరిగితే నార్లాపూర్ మీదుగా మేడారం. తిరక్కుండా నేరుగా పోతే తాడ్వాయి, అక్కడి నుంచి పక్కకు తిరిగి 14 కిలోమీటర్లు పోతే అదే మేడారం. రెండు దారులకూ దూరంలో పెద్ద తేడా లేదు. జాతర రోజుల్లో పోలీసులు వాహనాలను విడదీస్తారు. ఆర్టీసీ బస్సులు తాడ్వాయి మీదుగా, సొంత వాహనాలు నార్లాపూర్ మీదుగా. బోర్డులన్నీ ఆ లెక్కనే ఉంటాయి. బస్సులు ఇటు, కార్లు అటు. కాలినడక ఎటు? ఆ ముక్క రాసేవాళ్లు లేరు.

దాంతో ఏమవుతుందంటే... గుంపులో కాళ్లలో సత్తువ ఉన్న కుర్రాళ్లు ముందు పోతారు. ఆడవాళ్లు, పిల్లలు, పెద్దవాళ్లు వెనక. ముందు పోయినవాళ్లు బస్సుల వెంట తాడ్వాయి వైపు సాగితే, వెనకొచ్చినవాళ్లు కార్ల వెంట నార్లాపూర్ వైపు తిరుగుతారు. బువ్వ మూట ఒకరి దగ్గర, డబ్బులు ఒకరి దగ్గర. అడవిలో ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. జాతరకు తాత్కాలిక టవర్లు పెట్టినా, ఒక్కసారిగా లక్షల ఫోన్లు మోగితే ఏ టవరు తట్టుకుంటుంది? 'గద్దెల దగ్గర కలుద్దాం' అనుకోవడమూ ఆషామాషీ కాదు. కోటి మందికి పైగా వస్తారని అధికారులే లెక్కగట్టే చోట గద్దెల దగ్గర మనిషి మనిషికి దొరకడమా! ప్రతి జాతరలోనూ తప్పిపోయినవారి శిబిరాల్లో మైకులు ఆగకుండా పేర్లు చదువుతుండేది ఇందుకే.

నడక అలవాటున్న ఊళ్లవాళ్లు అందుకే ముందే ఒప్పందం చేసుకుంటారు. పస్రాలో ఆగాలి, చివరి మనిషి వచ్చేదాకా కదలకూడదు. పిల్లల జేబులో ఊరి పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ పెడతారు. పెద్దవాళ్లకూ పెడితే మంచిదే.

నడుస్తామని మొక్కుకోనివాళ్లూ ఇక్కడ పాదచారులవుతుంటారు. ట్రాఫిక్ గంటల తరబడి ఆగిపోయినప్పుడు, కారు దిగి మూట నెత్తిన పెట్టుకుని బయలుదేరతారు. వాళ్లకు గుర్తు... ముందు పోయే మనిషి వీపు. అది సాధారణంగా సరైన చోటికే తీసుకుపోతుంది. వచ్చేటప్పుడే ఇబ్బంది. తిరుగు వాహనాలను నార్లాపూర్ నుంచి బయ్యక్కపేట మీదుగా భూపాలపల్లి వైపు మళ్లిస్తుంటారు. సమ్మక్క పుట్టినిల్లని చెప్పుకునే ఊరే బయ్యక్కపేట. అక్కడ 'వరంగల్' అని బాణం ఉంటే అది అబద్ధం కాదు, కార్లు అటే వరంగల్ చేరతాయి. కానీ తమ బండి పస్రాలో ఆగి ఉందనుకుని ఆ బాణం వెంట నడిచినవాళ్లు తేలేది పస్రాలో కాదు, భూపాలపల్లి రోడ్డు మీద.

చెట్లే కూలిపోతే...

తాడ్వాయి-మేడారం మధ్య ఏటూరునాగారం అభయారణ్యం. 1953 నుంచీ రక్షిత అడవి. ఇక్కడ రాకపోకలు సాగించేవాళ్లకు చెట్టే రాయి, చెట్టే బోర్డు. ఫలానా మద్ది దగ్గర మలుపు, ఫలానా ఇప్ప దగ్గర నీళ్లు... ఇలా. 2024 ఆగస్టు 31న వచ్చిన పెనుగాలికి ఈ అడవిలో దాదాపు రెండు వందల హెక్టార్ల మేర వేల చెట్లు వేళ్లతో సహా నేలకొరిగాయి. గాలి ఊరి మీదికి రాకపోవడం సమ్మక్క తల్లి చలవే అన్నారు జనం. కానీ కూలిన చెట్లతో పాటు ఎన్ని ఆనవాళ్లు పోయాయో ఏ లెక్కల్లోనూ రాయలేదు.

కాలిబాటకు గుర్తులు పెట్టడం మనకు తెలియని విద్య కాదు. శ్రీశైలానికి శివరాత్రి, ఉగాది రోజుల్లో నల్లమల గుండా నడిచే భక్తులది నంద్యాల జిల్లా ఆత్మకూరు (ఇక్కడా ఓ ఆత్మకూరే!) దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా సాగే దారి. అడవి ఎంత దట్టంగా ఉన్నా కొండ మలుపుల్లో రాతిమెట్లు దారి చెబుతాయి. శ్రీశైలానికి మెట్లు కట్టించిన ఖ్యాతి 14వ శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డిది. పండరిపురం వార్కరీలకు గుర్తులతో పనే లేదు. పల్లకీ వెంటే జనం. స్పెయిన్‌లో శాంటియాగోకు వందల కిలోమీటర్లు నడిచే యాత్రికులకు ఎలియాస్ వలీన్యా అనే పల్లె చర్చి ఫాదర్ 1980ల్లో ఓ ఉపాయం కనిపెట్టాడు. పసుపు రంగు డబ్బా, కుంచె పట్టుకుని తిరుగుతూ చెట్ల మీద, గోడల మీద, రాళ్ల మీద బాణాలు గీశాడు. ఇవాళ ప్రపంచమంతటి నుంచీ వచ్చేవాళ్లు ఆ పసుపు బాణాల వెంటే నడుస్తున్నారు. అదేం ఖర్చు? పసుపు మనకేమైనా కరువా! గూడెప్పాడ్‌లో ఒకటి, పస్రాలో ఒకటి, తాడ్వాయిలో ఒకటి, నార్లాపూర్‌లో రెండు. పాదం బొమ్మ, పక్కన బాణం, 'కాలినడక - మేడారం' అన్న రెండు మాటలు. అక్షరం రానివాళ్లకు పాదం బొమ్మ చాలు.

బోర్డు చూడని రాజు

ఏ గుర్తూ లేకుండా, ఎవరినీ అడక్కుండా మేడారం చేరేవాళ్లు ఒకరున్నారు. సమ్మక్క భర్త పగిడిద్దరాజు. ఆయనది మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలోని పూనుగొండ్ల. 2016కు ముందు అదీ వరంగల్ జిల్లాయే. జాతరకు ముందురోజు మంగళవారం, పెనక వంశానికి చెందిన కోయ పూజారులు ఆయన్ను తీసుకుని కాలినడకన బయలుదేరతారు. దాదాపు 70 కిలోమీటర్లు. గుట్టలు, వాగులు, అడవి. బస్సు ఎక్కరు, కారు ఎక్కరు. రాత్రికి గోవిందరావుపేట మండలంలోని లక్ష్మీపురంలో బస. తెల్లారి మళ్లీ నడక. ఆ దారి ఏ మ్యాపు చూసి నేర్చుకున్నదీ కాదు. తండ్రి వెనక నడిచి కొడుకు, అతని వెనక నడిచి అతని కొడుకు నేర్చుకున్నది. దారిలో ఊళ్లవాళ్లు నీళ్లు ఆరబోసి, కొబ్బరికాయలు కొట్టి సాగనంపుతారు.

బుధవారం సాయంత్రానికి కొండాయి నుంచి గోవిందరాజు, కన్నెపల్లి నుంచి సారలమ్మ కూడా కదులుతారు. రాత్రికి ముగ్గురూ గద్దెలెక్కుతారు. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. ఆ వేళకు పస్రా కూడలిలో ఇంకా ఏదో ఓ కుటుంబం నిలబడి, వచ్చేపోయేవాళ్లను అడుగుతూనే ఉంటుంది... "అన్నా, మేడారం తొవ్వ ఎటు?"